మూడు పచ్చరాళ్లు, మెరె ఒక్కటే: విశాఖకు తెప్పించిన మావోరి చేతి ఆయుధాల రివ్యూ

న్యూజిలాండ్ మావోరిల పచ్చరాతి చేతి ఆయుధం పేరు మెరె. రెండక్షరాలూ హ్రస్వాలే. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి హిందీ 'మేరే'లా పలుకుతారు. అంతమాత్రాన వాళ్ల రాయి నకిలీ అనలేం, సరిగ్గా పలికినవాడి రాయి అసలుదనీ అనలేం. అందుకే విశాఖపట్నం చిరునామాకు వచ్చిన మూడింటిని పక్కపక్కన పెట్టి, తూచి, నీళ్లలో ముంచి, వెనక లైటు పట్టి చూసి ఈ రివ్యూ రాస్తున్నాం.

మొదటిది న్యూజిలాండ్‌లోనే చెక్కిన కొత్త వస్తువు. పొడవు 33 సెం.మీ., బాగా వెడల్పున్న చోట 8.6 సెం.మీ., నడుమ మందం 1.7 సెం.మీ., బరువు 768 గ్రాములు. రెండోది మన దేశంలోని ఒక ఆన్‌లైన్ దుకాణం 'అసలు గ్రీన్‌స్టోన్, యాంటిక్' అంటూ పంపింది: 30 సెం.మీ., 610 గ్రాములు. మూడోది రెజిన్ నకలు: 32 సెం.మీ., 392 గ్రాములు. దాని ప్రకటనలో 'రాతిపొడి కలిపిన నకలు' అని ఉన్నదున్నట్టు రాశారు, కాబట్టి ఆ అమ్మకందారు మీద మాకు తగువేమీ లేదు.

ముందు ఆకారం సంగతి. మన ప్రకటనల్లో దీన్ని గద అని రాసేస్తున్నారు. గదకు బరువంతా తలకాయలో ఉంటుంది, దాన్ని తిప్పి కొడతారు. మెరెకు తలకాయే లేదు. జీడిమామిడి ఆకును కాడతో సహా రాతిలో చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది: కొస గుండ్రం, అక్కణ్నుంచి సన్నబడుతూ వచ్చి పిడి అవుతుంది. దెబ్బ కొట్టేది ఆ గుండ్రటి కొస అంచుతో, అదీ ముందుకు పొడిచి. గురి కణత, దవడ, పక్కటెముకలు. అందుకే అంచు చుట్టూ సన్నగా, నడుమ మందంగా ఉండాలి. కత్తిలా కోసేంత పదును అక్కర్లేదు, ఉండకూడదు కూడా. అలా దిద్దితే మొదటి దెబ్బకే పెచ్చు లేస్తుంది. మొదటిదానికి కొస దగ్గర అంచు 3 మి.మీ., చక్కగా గుండ్రంగా మలిచారు. రెండోదానికి చుట్టూ 9 మి.మీ. మొద్దు అంచు, రొట్టెల కర్రను నొక్కినట్టు. ఏ రాయన్నది తర్వాత సంగతి, ఆ అంచు చూస్తేనే అది మెరె కాదని తెలిసిపోతుంది.

ఇలాంటి పొట్టి చేతి ఆయుధాలన్నిటికీ కలిపి మావోరిలో పటు అని పేరు. తిమింగలం ఎముకతో చేసింది పటు పరావోవా, నల్లరాతితో చేసింది పటు ఓనెవా. రెండు పక్కలా నొక్కు ఉండి వయొలిన్‌లా కనిపించేది కోటియాటె. ఒక పక్కే నొక్కు, అక్కడో చిన్న బొమ్మ ఉండేది వహాయికా. కచ్చితంగా మాట్లాడేవాళ్లు పచ్చరాతి దాన్నే మెరె అంటారు, పూర్తి పేరు మెరె పౌనము, పౌనము అంటే ఆ పచ్చరాయే. వీటన్నిటిలో పెద్ద హోదా దానిదే. నాయకుల చేతిలో ఉండేది, సభలో మాట్లాడేటప్పుడు చేత పట్టుకునేవారు, తరాలు మారుతూ వారసత్వంగా వచ్చేది. పేరుపడ్డ మెరెలకు మనుషులకున్నట్టే సొంత పేర్లుంటాయి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చరిత్ర ఉంటుంది. రెండు తెగలు రాజీపడ్డప్పుడు మెరె చేతులు మారేది. శాశ్వత సంధిని మావోరిలో 'టటౌ పౌనము' అంటారు, అంటే పచ్చరాతి తలుపు.

'చెక్కిన' అనే మాట దగ్గర కొనేవాళ్లు బాగా మోసపోతారు. సింహాచలం స్తంభాలు చూసి పెరిగిన కళ్లు కదా, చెక్కడం అంటే ఒళ్లంతా బొమ్మలుండాలనుకుంటాం. మెరె పౌనము ఒళ్లు నున్నగా, ఖాళీగా ఉంటుంది. పిడి చివర రెకె అనే గుండు దగ్గర మాత్రం నాలుగైదు గాడులు, గట్లు తీస్తారు. అంతే. పనితనమంతా రెండు పక్కలూ ఒకటిగా రావడంలో, అంచు వంపులో, మెరుగులో కనిపించాలి. పూర్వం ఇసుకరాయి పలకలతో, నీళ్లతో, ఇసుకతో రాపాడించి కోసేవారు. ఒక్కో ఆయుధానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. బొమ్మల పని ఎక్కువగా కనిపించేది కర్రలో, ఎముకలో. ఆకు మధ్యలో నాలుక బయటపెట్టిన మొహం, దానికి ఎర్ర రంగు కళ్లు పెట్టిన 'మెరె' కనిపిస్తే అది టూరిస్టు సామాను. మన రెండోది సరిగ్గా అలాంటిదే.

సమరూపం చూడటానికి పరికరాలేం అక్కర్లేదు. తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, కాగితాన్ని నిలువునా మడిచి కిటికీ వెలుతురుకు పట్టండి. మొదటిదానికి భుజం దగ్గర ఒక పక్క 2 మి.మీ. ఎక్కువొచ్చింది. చేత్తో చేసిన వస్తువుకు అది తప్పుగా పట్టం. రెండోదానికి 7 మి.మీ. తేడా. మూడోదానికి తేడాయే లేదు, అచ్చులో పోసింది కాబట్టి.

ఇక రాయి. పౌనము అనే మాట కింద రెండు వేర్వేరు ఖనిజాలున్నాయి. ఆయుధాలకు పనికొచ్చేది నెఫ్రైట్ జేడ్. సన్నని నారల్లాంటి స్ఫటికాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి, అందుకే అంత తేలిగ్గా పగలదు. గట్టిదనం మోస్ కొలమానంలో 6 నుంచి 6.5, అంటే స్ఫటికం (క్వార్ట్జ్) కంటే తక్కువే. కానీ సుత్తి దెబ్బకు స్ఫటికం చిట్లిపోతుంది, ఇది తట్టుకుంటుంది. కైలాసగిరి రోడ్డు పక్కన ఎండకూ వానకూ పొడిపొడిగా రాలే మన కొండరాయి ఖొండలైట్‌కు పూర్తిగా వ్యతిరేకం అనుకోండి. రెండో ఖనిజం బోవెనైట్, సర్పెంటైన్ జాతిది. మావోరిలో దాన్ని టంగివై అంటారు, మెత్తన, గాజులా వెలుతురు పారుతుంది, ఎక్కువగా నగలకే వాడతారు.

నెఫ్రైట్ అవునో కాదో ఇంట్లోనే తేల్చొచ్చు. దాని సాంద్రత సుమారు 2.9 నుంచి 3.03. దానిలా కనిపించేవాటిలో సర్పెంటైన్‌ది 2.6 దగ్గర, మామూలు గాజుది 2.5, పచ్చ అవెంచురిన్‌ది 2.65, జేడైట్‌ది 3.3. బంగారం తూచే చిన్న కాటాలు దీనికి చాలవు. కురుపాం మార్కెట్ దాకా వెళ్లినా 33 సెం.మీ. రాయిని నీళ్లలో వేలాడదీసే ఏర్పాటు దొరకడం కష్టం. హార్డ్‌వేర్ కొట్లో 4 అంగుళాల పీవీసీ పైపు 45 సెం.మీ. ముక్క, ఒక ఎండ్ క్యాప్ కొనండి. క్యాప్ అంటించి రాత్రంతా ఆరనిచ్చాక పైపులో 36 సెం.మీ. ఎత్తు నీళ్లు పోసి, 5 కిలోల వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి టేర్ నొక్కి సున్నా చేయండి. మెరెకున్న తాడు విప్పేయాలి, తాడు నీళ్లు పీల్చి లెక్క చెడగొడుతుంది. సన్న నైలాన్ దారంతో రాయిని కట్టి, కొస కిందికి ఉండేలా పూర్తిగా ముంచండి. అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. ఇప్పుడు కాటా చూపించే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. విడిగా తూచిన బరువును దాంతో భాగించండి.

మొదటిది: 768ని 259తో భాగిస్తే 2.97. నెఫ్రైటే. రెండోది: 610ని 237తో భాగిస్తే 2.57. మూడోది: 392ని 245తో భాగిస్తే 1.6, పైన చెప్పిన ఏ రాయీ అంత తేలిగ్గా ఉండదు. లెక్క తప్పిందంటే ఎక్కువగా కారణాలు రెండు: పిడి రంధ్రంలో గాలిబుడగ ఇరుక్కోవడం, రాయి పైపు గోడకు ఆనడం. కాటా 5 గ్రాములు అటూఇటూ చూపినా మొదటిది 2.91, 3.02 మధ్యే ఉంటుంది, తీర్పు మారదు.

రెండోదాని అమ్మకందారు ఇక్కడో వాదన తీయొచ్చు: టంగివై కూడా పౌనమే కదా, దాని సాంద్రతా ఇంతే కదా అని. మాట నిజమే. కానీ టంగివైకి ఫోన్ టార్చి పెడితే వెలుతురు లోపలికి పాకుతుంది. ఇది 9 మి.మీ. అంచు దగ్గర కూడా చీకటిగానే ఉంది, నల్ల మచ్చలతో. 'న్యూ జేడ్' పేరుతో అమ్మే మామూలు సర్పెంటైన్ లక్షణాలివి. కత్తిమొనతో గీసి చూడాలని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. అమ్మకందారుకు తిప్పి పంపాల్సిన వస్తువు మీద ఆ పని మాత్రం చేయకండి, గీత చూపించి డబ్బులు ఎగ్గొడతాడు.

అదే టార్చి మొదటిదాని అంచు వెనక పెడితే నూలు విడిపోయినట్టు మబ్బు మబ్బుగా నారలు, ఒకచోట పాలిపోయిన పచ్చ, ఇంకోచోట తోట కూరలాంటి ముదురు. గాజైతే రంగంతా ఒకటే, లోపల గుండ్రటి బుడగలు. రంగేసిన స్ఫటికమైతే రంగు పగుళ్లలో చేరి గీతల్లా కనిపిస్తుంది.

మెరుగు చూడటానికి ట్యూబ్‌లైటును మించింది లేదు. లైటు కింద రాయిని నెమ్మదిగా వంచుతూ ఉంటే దాని మీద పడిన లైటు గీత తెగకుండా, వణకకుండా జారాలి. మొదటిదాని ముందు వైపు నూనె పోసినట్టు జారింది. వెనక వైపు రెకె దగ్గర రెండు వేళ్ల మేర గీత సన్నగా వణికింది, అక్కడ బత్తాయి తొక్కలా గుంతలున్నాయి. నెఫ్రైట్‌లో నారలన్నీ ఒకే దిక్కున ఉండవు. ముతక అరగదీత నుంచి మెరుగుకు తొందరపడి దూకితే మెత్తటి నార ముందు అరిగి ఇలా గుంత పడుతుంది. చెక్కినవాడు చివర్లో ఒక మెట్టు ఎగరేశాడన్నమాట. ఆ ధరకు ఇది లోపమే, అందుకే మా లెక్కలో ఒక మార్కు తగ్గింది. కొన్నిచోట్ల ఇలాంటి గుంతల్ని మైనంతో కప్పి పంపుతారు. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగాక మళ్లీ ట్యూబ్‌లైటు కింద చూస్తే గుట్టు బయటపడుతుంది.

పిడి రంధ్రం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాతకాలపు మెరెల్లో రంధ్రాన్ని రెండు వైపుల నుంచీ తాడుతో తిప్పే బర్మాతో తొలిచేవారు. అందుకే పక్కనుంచి చూస్తే డమరుకంలా నడుమ సన్నగా ఉంటుంది. ఇప్పుడు వజ్రపు పళ్ల డ్రిల్లుతో సూటిగా దింపుతారు. కొత్త వస్తువుకు అది తప్పు కాదు. సూటిగా గొట్టంలా ఉన్న రంధ్రం చూపించి '200 ఏళ్లనాటిది' అంటే మాత్రం నమ్మక్కర్లేదు. మొదటిదాని రంధ్రం సూటిగానే ఉంది, అంచు మాత్రం మొద్దు చేయకుండా వదిలేశారు. నాలుగు రోజులు వేలాడదీసేసరికి తాడు పోగులు లేచాయి. సవరించడం సులువే: 400 నంబరు వాటర్ పేపర్‌ను అగరుబత్తి పుల్లకు చుట్టి, నీళ్లు చుక్కలుగా వేస్తూ ఒక్కో వైపు పదిహేను ఇరవై నిమిషాలు తిప్పాలి, ఆ తర్వాత 1000 నంబరు. పొడిగా రుద్దొద్దు, ఆ నారల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆ రంధ్రంలో ఉండే మణికట్టు తాడును టౌ అంటారు. పూర్వం కుక్కతోలుతో చేసేవారు, ఇప్పుడు హరకెకె మొక్క నారతో అల్లిందో, మైనం పట్టించిన పాలిస్టరుదో వస్తుంది. మన బీచ్ రోడ్డు తేమకు నార తాడు వానాకాలంలో బూజు పడుతుంది. చూడటానికి నారతాడే బాగుంటుంది కానీ విశాఖలో అడగాల్సింది పాలిస్టరే.

రాయి నెఫ్రైట్ అని తేలినంతమాత్రాన పౌనము అయిపోదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి, సైబీరియా నుంచి కూడా మంచి నెఫ్రైట్ వస్తుంది. న్యూజిలాండ్‌లో చెక్కి 'గ్రీన్‌స్టోన్' అని అమ్మేవాటిలో ఆ రాళ్లూ ఉంటాయి. పైపులో నీళ్లు ఆ తేడా చెప్పలేవు. పౌనము దొరికేది దక్షిణ దీవిలో. ఆ దీవి మావోరి పేరులోనే పౌనము ఉంది: టె వై పౌనము. పశ్చిమ తీరంలోని అరహురా నది దానికి ప్రసిద్ధి. పౌటిని అనే నీటి ప్రాణి వైటాయికి అనే స్త్రీని ఎత్తుకొచ్చి, ఆమె భర్త వెంటపడి వస్తుంటే ఆమెను ఆ నదిలో పచ్చరాయిగా మార్చేసిందని వాళ్ల కథ. 1997లో చేసిన చట్టంతో ప్రభుత్వం చేతిలో ఉన్న ఈ రాతి మీది హక్కు అక్కడి న్గాయ్ టహు తెగకు తిరిగి దక్కింది. వాళ్ల ధ్రువీకరణ ఉన్న వస్తువుకు ఒక కోడ్ ఇస్తారు. దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే రాయి ఎక్కడిదో, చెక్కింది ఎవరో వస్తుంది. మొదటిదానికి కోడ్ ఉంది, వివరాలు సరిపోయాయి. కొనేముందే కోడ్ అడగండి, 'పార్సిల్‌తో పంపుతాం' అంటే ఆగండి.

రంగును బట్టి పేర్లుంటాయి. కవకవా అనేది ముదురు ఆకుపచ్చ, ఎక్కువగా కనిపించేది ఇదే. కహురంగి స్వచ్ఛంగా మెరిసే పచ్చ, అరుదు. ఇనంగా పాలిపోయిన బూడిద పచ్చ, చిన్న చేప పేరు మీద వచ్చింది. కహురంగి అని రాసి కవకవా పంపడం మామూలే, కాబట్టి పగటి వెలుతురులో తీసిన ఫొటోతో పాటు వెనక లైటు పెట్టి తీసిన ఫొటో కూడా అడగాలి.

ఇక 'యాంటిక్' మాట. 50 ఏళ్లు దాటిన మావోరి వారసత్వ వస్తువును న్యూజిలాండ్ దాటించాలంటే 1975 నాటి రక్షిత వస్తువుల చట్టం కింద అనుమతి కావాలి. ఆ కాగితం లేకుండా పాత మెరెను న్యూజిలాండ్ నుంచి పోస్టులో విశాఖకు పంపుతానన్నవాడు నకిలీ అయినా అమ్ముతుండాలి, చట్టమైనా మీరుతుండాలి. మధ్యేమార్గం లేదు. నకళ్లు మాత్రం నిన్నా మొన్నటివి కావు లెండి. ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ కుక్ రెండో యాత్ర కోసం ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ లండన్‌లో 40 ఇత్తడి పటులు పోయించాడు, వాటి మీద తన చిహ్నం, 1772 అని చెక్కించి మరీ. నకలు మీద నకలని తెలిసేలా ముద్ర వేయించాడు, ఆ మర్యాద ఇప్పటివాళ్లకు లేదు.

తెప్పించేటప్పుడు ఇన్వాయిస్ మీద 'వార్ క్లబ్', 'వెపన్' అని మాత్రమే ఉంటే కస్టమ్స్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. కొత్తగా చెక్కిన నెఫ్రైట్ కళాఖండం అని, చేసిన సంవత్సరం, చెక్కినవారి పేరు, కొలతలు, బరువు, చెల్లించిన ధర ఉన్నదున్నట్టు రాయించండి. విలువైన, అర్ధ విలువైన రాళ్లతో చేసిన వస్తువులకు కస్టమ్స్ వర్గీకరణలో (హెచ్.ఎస్.) శీర్షిక 7116. ధర తగ్గించి రాయించడం తెలివనిపిస్తుంది కానీ దారిలో విరిగితే బీమా వచ్చేది ఆ తగ్గించిన ధరకే. విరిగేది దాదాపు ఎప్పుడూ పిడి మెడ దగ్గర, బాగా సన్నబడే చోట. పెట్టెలో పిడీ ఆకూ రెండూ నురుగులో కూర్చున్నాయా, లేక నడుమ వంతెనలా గాల్లో ఉందా అని ప్యాకింగ్ ఫొటో తెప్పించుకోండి. విమానంలో తెచ్చుకుంటే చెకిన్ సామానులోనే పెట్టాలి, చేతిసంచిలో పోనివ్వరు. తిమింగలం ఎముక పటు జోలికి మాత్రం వెళ్లొద్దు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలం, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ (CITES) ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, దాని ఎముక వస్తువు అనుమతులు లేకుండా వస్తే జప్తే.

ఇంట్లో పెట్టుకోవడం గురించి. ఉప్పుగాలి నెఫ్రైట్‌ను ఏమీ చేయదు, స్టాండును చేస్తుంది. ఇనుప మేకులు రెండు వానాకాలాలకే తుప్పు కారి తాడు మీద మరక దింపుతాయి. టేకు స్టాండు, స్టెయిన్‌లెస్ స్క్రూలు చాలు. ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి, కొబ్బరినూనె రాయకండి. నూనెకు దుమ్ము అంటుకుని రెకె గాడుల్లో నల్లగా పేరుకుంటుంది. పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో ఆయుధపూజకు దీన్నీ వరసలో పెట్టాలనిపించడం సహజం. రాయికి రంగు పట్టదు కానీ తాడుకు పసుపు పడితే పోదు, గాడుల్లో కుంకుమ తీయడం ఒక పూట పని. దీనికి సంబంధించిన మావోరి పద్ధతి ఒకటి తెలిసి ఉండాలి: ఇలాంటి వస్తువును వండిన అన్నానికి దూరంగా ఉంచుతారు. మడి, ఎంగిలి తెలిసిన ఇళ్లలో ఇది విడమరచి చెప్పక్కర్లేదు. డైనింగ్ టేబుల్ మీద, చెప్పుల స్టాండు పైన పెట్టకపోతే చాలు. పౌనమును తనకు తాను కొనుక్కోవడం కంటే ఒకరు ఇస్తే తీసుకోవడం మంచిదన్న మాట కూడా బాగా వినిపిస్తుంది. రిటైర్మెంటుకు షీల్డులిచ్చి విసిగిపోయిన నేవీ, పోర్టు మిత్రబృందాలకు ఇది పనికొచ్చే మాటే, చందాలు గట్టిగా పోగైతే. కోడ్ ఉన్న ఈ సైజు మెరె లక్ష రూపాయల లోపు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

అంత పెట్టలేనివాళ్లకు, కాలేజీ వేదిక మీద మావోరిల హాకా నృత్యం వేయాలనుకునే పిల్లలకు మూడోది చాలు. అచ్చు సరైన మెరె నుంచే తీశారు, ఆకారం నిజాయితీగా ఉంది, మొహాలూ ఎర్ర కళ్లూ లేవు. పక్కల అచ్చు అతుకు గీత చేతికి గరుగ్గా తగులుతుంది, 400 వాటర్ పేపర్‌కు అయిదు నిమిషాల్లో పోతుంది. ఎండ పడే కిటికీలో మాత్రం పెట్టొద్దు, రెజిన్ క్రమంగా పసుపెక్కుతుంది.

పదికి మార్కులు: మొదటిది ఎనిమిది, మూడోది దాని ధరకు ఏడు. రెండోదాన్ని సాంద్రత లెక్క, పైపులో తూస్తున్న ఫొటో జతచేసి తిప్పి పంపాం. పన్నెండు రోజులకు డబ్బు వెనక్కి వచ్చింది. అదే ముక్క ఇప్పుడు మళ్లీ అమ్మకానికి ఉంది. ప్రకటనలో 'యాంటిక్' తీసేశారు, 'అసలు గ్రీన్‌స్టోన్' అలాగే ఉంచారు, ధర మరో రెండు వందలు పెంచారు.